ముందు తేదీ, తర్వాతే వాదన: ఆధునిక ఇస్లామిక్ రాజకీయ ఉద్యమాలపై ఒక పరిశోధకుడి పత్రాలను చదివే పద్ధతి

ఒక పండితుడు ఇరవై ముప్పై ఏళ్లపాటు రాసిన పత్రాలన్నీ ముందేసుకుని చదవడం వేరు, ఆయన పుస్తకం ఒకటి చదవడం వేరు. పుస్తకంలో వాదన తేరిన నీళ్లలా కనిపిస్తుంది. పత్రాల్లో ఆ వాదన పుడుతుంది, పెరుగుతుంది, దెబ్బతింటుంది, ఒక్కోసారి తలకిందులవుతుంది. ఇస్లామిక్ రాజకీయ ఉద్యమాల విషయంలో ఇది మరీ ఎక్కువ. పరిశోధకుడు రాస్తుండగానే ఉద్యమం మారిపోతూ ఉంటుంది. ఈజిప్టులో పుట్టిన ఇస్లామిక్ రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ అభ్యర్థి మొహమ్మద్ మోర్సీ 2012 జూన్‌లో ఈజిప్టు అధ్యక్షుడిగా గెలిచారు. 2013 జులై 3న సైన్యం ఆయన్ని దించేసింది. ఆ ఏడాది కాలంలో కైరోలో కూర్చుని రాసిన పత్రాలు ఎన్నో 2014లోనో, ఆ తర్వాతో అచ్చయ్యాయి. వాటిలో "ప్రస్తుతం" అన్న మాట ఏ రోజుకు వర్తిస్తుందో తెలియకుండా చదివితే మొత్తం అర్థం తప్పిపోతుంది.

నేనూ అలా తప్పాను. ఒక పత్రంలోని ముగింపును తర్వాతి కాలానికి అంటగట్టి పెద్ద వ్యాసం రాశాక, క్షేత్ర పరిశోధన తేదీలు మూడో పేజీ ఫుట్‌నోట్‌లో ఉన్నాయని ఒక స్నేహితుడు చూపించాడు. వ్యాసం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఇప్పుడు చెప్పబోయే పద్ధతి ఆ రోజు నుంచి కుదుర్చుకున్నది.

మొదటి పని: పోగుచేసి, వరస కట్టడం

పరిశోధకుడి విశ్వవిద్యాలయ పేజీలో రచనల జాబితా ఉంటుంది. గూగుల్ స్కాలర్‌లోనూ, పరిశోధకుల గుర్తింపు జాబితా అయిన ఆర్కిడ్ (ORCID)లోనూ కూడా వెతికి, మూడింటినీ కలిపి ఒకే పట్టిక చేయండి. కొత్తది పైన, పాతది కింద ఉండే వరసను తిప్పేసి, పాతది పైకి తెచ్చుకోండి. ఈ చిన్న మార్పుతోనే సగం పని అయినట్టు. ఎక్కువమంది తాజా పత్రంతో మొదలుపెడతారు. అందులో రచయిత తన పాత నిర్ణయాలను తెలిసిన విషయాలుగా వాడుకుంటూ పోతాడు కాబట్టి, ఆ నిర్ణయాలు ఎక్కడ ఎలా పుట్టాయో పాఠకుడికి కనపడదు.

ప్రతి రచన ఎదురుగా అది ఏ రకమో రాయండి. పీర్ రివ్యూ (అదే రంగంలోని నిపుణుల పరిశీలన) జరిగిన జర్నల్ పత్రమా, ఎవరో సంపాదకత్వం వహించిన సంకలనంలో అధ్యాయమా, ఇంకా తుదిరూపు రాని వర్కింగ్ పేపరా, ప్రభుత్వాలకూ మేధోసంస్థలకూ రాసిన పాలసీ బ్రీఫా, పత్రికా వ్యాసమా? ఒకే మనిషి ఒకే ఏడాది ఒకే ఉద్యమం గురించి జర్నల్‌లో జాగ్రత్తగా "ఈ రెండు నగరాల్లో" అంటాడు, పాలసీ బ్రీఫ్‌లో "ఈ ఉద్యమం" అనేస్తాడు. అబద్ధమేమీ ఆడటం లేదు, వినేవాళ్లు వేరు. మీరు మాత్రం రెంటినీ ఒకే గాట కట్టకూడదు.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం దొరికితే వదలకండి. ఎవరిని కలిశారు, ఎన్నాళ్లు ఉన్నారు, ఏ భాషలో మాట్లాడారు అన్న వివరం పూర్తిగా ఉండేది అందులోనే. తర్వాతి పత్రాల్లో అది రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. పత్రం డబ్బు గోడ వెనక ఉంటే విశ్వవిద్యాలయ భాండాగారంలో రచయిత పెట్టిన ప్రతి ఉందేమో చూడండి. లేకపోతే రచయితకే మర్యాదగా నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. తమ పత్రం అడిగి చదివేవాళ్లంటే చాలామందికి సంతోషమే.

రెండో పని: చదవకముందే కాలరేఖ గీయడం

ఒక పొడవాటి కాగితం తీసుకోండి. పై గీత మీద సంఘటనలు, కింది గీత మీద పరిశోధకుడి పత్రాలు. ప్రతి పత్రానికి రెండు తేదీలు వేయాలి: క్షేత్ర పరిశోధన ముగిసిన తేదీ, అచ్చయిన తేదీ. రెంటి మధ్యా గీత గీస్తే ఆ గీత మీదుగా ఏ సంఘటనలు దాటిపోయాయో కంటికి కనిపిస్తుంది.

పై గీతకు కావాల్సిన కనీస గుర్తులు ఇవి. 1924 మార్చి 3న టర్కీ ఖలీఫా పదవిని రద్దు చేసింది. నాలుగేళ్లకు, 1928లో, సూయజ్ కాలువ పట్టణం ఇస్మాయిలియాలో హసన్ అల్ బన్నా అనే బడిపంతులు ముస్లిం బ్రదర్‌హుడ్ స్థాపించాడు. నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో 1903లో పుట్టిన అబుల్ ఆలా మౌదూదీ, 1941 ఆగస్టులో లాహోర్‌లో జమాతె ఇస్లామీ పెట్టాడు. 1966లో బ్రదర్‌హుడ్ సిద్ధాంతకర్త సయ్యద్ కుతుబ్‌ను ఈజిప్టు ఉరితీసింది. 1979లో ఇరాన్ విప్లవం. అల్జీరియాలో 1991 డిసెంబరు ఎన్నికల తొలి విడతలో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ దూసుకుపోగా, 1992 జనవరిలో సైన్యం ఆ ఎన్నికలనే ఆపేసింది. ఆ తర్వాత దేశం అంతర్యుద్ధంలోకి జారింది. 2002 నవంబరులో టర్కీలో, ఇస్లామిక్ రాజకీయాల్లోంచి పుట్టిన పార్టీ ఏకేపీ అధికారంలోకి వచ్చింది. 2006 జనవరిలో పాలస్తీనా శాసనసభలోని 132 స్థానాల్లో హమాస్ 74 గెలిచింది. 2011లో ట్యునీషియా రాజ్యాంగ సభలో 217కు 89 స్థానాలతో ఇస్లామిక్ పార్టీ అన్నహ్దా మొదటి స్థానంలో నిలిచింది.

మొరాకోలోని ఇస్లామిక్ పార్టీ పీజేడీని నేను ప్రత్యేకంగా రాసుకుంటాను. మొత్తం 395 స్థానాల్లో 2011లో 107, 2016లో 125, 2021లో 13. ఆ పార్టీ గురించి 2017లో రాసిన పత్రానికీ 2022లో రాసిన పత్రానికీ మధ్య ఎంత పెద్ద లోయ ఉందో ఈ మూడు అంకెలే చెబుతాయి. 2017 పత్రాన్ని "తప్పు" అని కొట్టేయకండి. ఆ రోజుకు కనిపించింది పరిశోధకుడు రాశాడు. ఓడిపోయే పార్టీ బలహీనతలు అప్పటికే ఆ పత్రంలో ఎక్కడైనా తొంగిచూశాయా అని వెతకండి. మంచి పరిశోధకుడి పత్రంలో అవి ముగింపులో కాక, ఇంటర్వ్యూ చేసిన ఏ జిల్లా కార్యకర్త మాటల్లోనో దొరుకుతాయి.

మూడో పని: మాటల పట్టీ

ఈ రంగంలో తగాదాల్లో పెద్ద భాగం మాటల మీదే. ముస్లిం, ఇస్లామిక్, ఇస్లామిస్ట్ అనే మూడు మాటలకూ పరిశోధన పత్రాల్లో మూడు అర్థాలు. మొదటిది మనుషుల గురించి, రెండోది మతానికి సంబంధించింది, మూడోది ఇస్లాంను రాజ్యానికీ చట్టానికీ ఆధారం చేయాలనే రాజకీయాన్ని చెప్పేది. మన వార్తల్లో ఈ మూడూ కలిసిపోతుంటాయి. నోట్సులో మాత్రం ఎప్పుడూ కలపకండి.

తెలుగులో రాసుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. మనకు చేతికి అందే మాటలన్నీ ముందే తీర్పు చెప్పేస్తాయి. "ఛాందసవాదం" చూడండి: ఛాందసుడంటే మొదట్లో ఛందస్సు, అంటే వేదం, చదివినవాడు. తర్వాత అది ఎగతాళి మాట అయింది. దాన్ని తెచ్చి కైరోలోని ఒక ఇంజనీర్ల సంఘంలో గెలిచిన బ్రదర్‌హుడ్ సభ్యుడికి అంటిస్తే ఏమీ బోధపడదు. "మితవాదం" కూడా అంతే. మనకు ఆ మాట వినగానే 1907 సూరత్ కాంగ్రెస్‌లో మితవాదులు, అతివాదులు విడిపోవడం గుర్తొస్తుంది. రెండు స్థిరమైన శిబిరాలు కళ్లముందు నిలబడతాయి. పరిశోధకులు చెప్పే మోడరేషన్ శిబిరం కాదు, అది ఒక కదలిక, కాలక్రమంలో పట్టు సడలించడం. నేను నోట్సులో దాన్ని "మెత్తబడటం" అని రాసుకుంటాను. క్రియగా రాస్తే ఎవరు, ఎప్పుడు, ఏ విషయంలో అన్న ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

ప్రతి పదం ఎదురుగా ఆ పరిశోధకుడు దాన్ని ఏ పత్రంలో ఎలా నిర్వచించాడో రాయండి. నిర్వచనం మారితే ఆ మార్పునూ రాయండి. "పోస్ట్ ఇస్లామిజం" (ఇస్లామిజం తర్వాతి దశ) మంచి ఉదాహరణ. సమాజ శాస్త్రవేత్త ఆసెఫ్ బయాత్ 1996లో ఇరాన్ సమాజంలో వస్తున్న మార్పును చెప్పడానికి ఆ మాట వాడాడు. తర్వాత దాన్ని టర్కీకీ ట్యునీషియాకీ ఇంకా ఎక్కడెక్కడికో పట్టుకుపోయారు. కొందరు "ఇస్లామిజం అయిపోయింది" అనే అర్థంలో వాడారు, కొందరు "రూపం మార్చుకుంది" అనే అర్థంలో వాడారు. అలాగే ఫ్రెంచి పరిశోధకుడు ఒలివియే రోయ్ 1992లో ఫ్రెంచిలో తెచ్చిన "రాజకీయ ఇస్లాం వైఫల్యం" అనే అర్థమిచ్చే శీర్షిక గల పుస్తకంలోని "వైఫల్యం" అన్న మాట పట్టుకుని, ఈ ఉద్యమాలు అంతరిస్తాయన్నాడని నిందించినవాళ్లు ఉన్నారు. ఆయన వాదన వేరు: ఇస్లాం పేరుతో అధికారం వచ్చినా కొత్త రకం రాజ్యం గానీ కొత్త ఆర్థిక వ్యవస్థ గానీ పుట్టలేదని. ఒక్క మాట సరిగ్గా పట్టుకోకపోతే పాతికేళ్ల చర్చ మొత్తం వంకరగా కనిపిస్తుంది.

పేర్ల స్పెల్లింగులకూ ఒక పేజీ కేటాయించండి. అరబ్బీ, ఉర్దూ పేర్లను ఇంగ్లీషులో రాసే తీరు ఒక్కటి కాదు. మౌదూదీ పేరునే రెండు మూడు రకాలుగా రాస్తారు. ఒక్క స్పెల్లింగుతో వెతికితే సగం పత్రాలు దొరకవు.

నాలుగో పని: ఒక్కో పత్రాన్ని విప్పడం

మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుకుంటూ పోకండి. సారాంశం చదివి, నేరుగా పద్ధతి చెప్పిన భాగానికి వెళ్లండి. తర్వాత ఫుట్‌నోట్లు. ఆ తర్వాత ముగింపు. మధ్య భాగం చివర్లో, పెన్సిల్ పట్టుకుని.

పద్ధతి భాగంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈయనకు ఇది ఎలా తెలుసు? జవాబును బట్టి పత్రం బలం, బలహీనత రెండూ తేలతాయి.

ఇంటర్వ్యూలైతే ఎవరివి? ఇంగ్లీషు వచ్చిన అధికార ప్రతినిధులు విదేశీ పరిశోధకులకు సులభంగా దొరుకుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు గానీ, అది ఉద్యమం తన గురించి బయటివాళ్లకు చెప్పాలనుకున్న మాట. మారుమూల శాఖలో వారపు సమావేశానికి వచ్చే యువకుడు, మహిళా విభాగంలో పనిచేసే ఆవిడ, విసిగి బయటికొచ్చిన పాత సభ్యుడు మరో చిత్రం ఇస్తారు. నాయకులు, కార్యకర్తలు, బయటికొచ్చినవాళ్లు ఎందరెందరో లెక్క వేయండి. పేర్లు దాచి ఉంటే అనుమానించకండి. నిషేధం, జైలు ఉన్న దేశాల్లో మాట్లాడినవాళ్ల క్షేమం కోసం అలా చేయక తప్పదు.

పోలీసు, వలస ప్రభుత్వ రికార్డులైతే వాటిలో ప్రతి సమావేశమూ కుట్రలా కనిపిస్తుంది. ఉద్యమకారుల ఆత్మకథలైతే ప్రతి అరెస్టూ త్యాగమే. రెంటినీ ఎదురెదురుగా పెట్టి రాసిన పత్రం దొరికితే దాన్ని పదిలంగా దాచుకోండి.

పాఠ్యాలను ఆధారం చేసుకున్న పత్రాల దగ్గర ఇంకొంచెం ఆగాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. కుతుబ్ 1964లో ప్రచురించిన "మైలురాళ్లు" పుస్తకం ఒక్కదాన్ని పట్టుకుని బ్రదర్‌హుడ్ మొత్తాన్ని వివరించే పత్రాలు చాలా ఉన్నాయి. అదే సంస్థకు అధినేతగా ఉన్న హసన్ అల్ హుదైబీ పేరుతో "మేము ప్రబోధకులం, న్యాయమూర్తులం కాము" అనే అర్థమిచ్చే శీర్షికతో ఒక రచన ఉంది. అది 1969లో తయారై 1977లో అచ్చయింది. తోటి ముస్లింను మతభ్రష్టుడని తీర్పు చెప్పే అధికారం తమకు లేదని ఆ రచన వాదిస్తుంది. ఒకే సంస్థ, దాని సభ్యులు జైళ్లలో గడిపిన ఒకే కాలం, రెండు దారులు. మీరు చదువుతున్న పరిశోధకుడు మొదటిదాన్ని మాత్రమే ఉటంకించి రెండోదాన్ని వదిలేశాడా? అయితే ఆ విషయం నోట్సులో ఎర్ర సిరాతో రాయండి.

రాతకూ చేతకూ మధ్య దూరం ఎంత ఉంటుందో చెప్పడానికి మౌదూదీ జీవితంలో ఒక ఘట్టం చాలు. రాజ్యాధినేత పదవి స్త్రీలకు తగదని ఆయన రాశాడు. 1965 జనవరిలో పాకిస్తాన్ అధ్యక్ష ఎన్నికల్లో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్‌కు పోటీగా పాకిస్తాన్ స్థాపకుడు జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా నిలబడినప్పుడు మౌదూదీ పార్టీ జమాత్ (జమాతె ఇస్లామీ) ఆవిడనే బలపరిచింది. పాఠ్యం మాత్రమే చదివిన పరిశోధకుడు దీన్ని ఊహించలేడు. ఎన్నికలు మాత్రమే చూసినవాడికి దాని వెనక ఎంత మథనం జరిగి ఉండాలో తెలియదు. మీ పరిశోధకుడు ఇలాంటి ఘట్టాల దగ్గర ఏం చేస్తాడో చూడండి. దాటేసి వెళ్లిపోతాడా, నిలబడి తవ్వుతాడా అన్నదాన్ని బట్టి ఆయన మీద నాకు నమ్మకం పెరగడమో తగ్గడమో జరుగుతుంది.

ఐదో పని: వాదన ఏ వంశానిదో గుర్తించడం

ఏ పత్రమూ గాలిలోంచి పుట్టదు. ఈ రంగంలో తరచూ ఎదురయ్యే పెద్ద వాదన ఒకటుంది: ఎన్నికల్లోకి రానిస్తే ఇలాంటి పార్టీలు మెత్తబడతాయి, బయటికి నెడితే గట్టిపడతాయి. వినడానికి ఇంపుగా ఉంటుంది. అల్జీరియా 1992ను రుజువుగా చూపిస్తారు.

అయితే రాజనీతి శాస్త్రవేత్త జిలియన్ ష్వెడ్లర్ 2006లో వెలువరించిన అధ్యయనం జోర్డాన్‌లోని ఇస్లామిక్ యాక్షన్ ఫ్రంట్‌నూ యెమెన్‌లోని ఇస్లాహ్ పార్టీనీ పక్కపక్కన పెట్టింది. రెండూ ఎన్నికల రాజకీయాల్లోకి వచ్చినవే. జోర్డాన్ పార్టీ కాలక్రమంలో మెత్తబడింది, యెమెన్ పార్టీ మొత్తంగా అలా మారలేదు. తేడా ఎక్కడంటే, కమ్యూనిస్టులతో చేతులు కలపొచ్చా, ఫలానా ఎన్నికలో పాల్గొనడం మతరీత్యా సమ్మతమేనా వంటి ప్రశ్నలపై జోర్డాన్ పార్టీ లోపల గట్టిగా చర్చించుకుంది, తీర్మానాలు చేసుకుంది, వాటికి కట్టుబడింది. తలుపు తెరవడం ఒక్కటే చాలదు, లోపల ఏం మాట్లాడుకున్నారన్నది ముఖ్యం. మీ పరిశోధకుడు "మెత్తబడింది" అన్న ప్రతిసారీ మూడు సంగతులు విడదీయండి: నడత మారిందా, మాట మారిందా, నమ్మకం మారిందా? నడత చూస్తే తెలుస్తుంది. మాట రికార్డుల్లో ఉంటుంది. మూడోది తనకు తెలుసని ధీమాగా చెప్పే పత్రం దగ్గర జాగ్రత్తపడండి.

ఇక వర్గీకరణలు. సలఫీలను, అంటే తొలితరం ముస్లింల ఆచరణకే తిరిగి వెళ్లాలనేవాళ్లను, మత శుద్ధికి పరిమితమైనవాళ్లు, రాజకీయం చేసేవాళ్లు, జిహాదీలు అని మూడు పాయలుగా విడదీసిన క్వింటన్ వీక్టరోవిచ్ పత్రం 2006లో వచ్చింది. ఇప్పటికీ దాన్ని ఉటంకించని పత్రం అరుదు. 2011లో ఈజిప్టులో, అంతకుముందు దశాబ్దాలపాటు ఎన్నికలకు దూరంగా ఉన్న సలఫీలు నూర్ పార్టీ పెట్టి పార్లమెంటు ఎన్నికల్లో రెండో స్థానానికి వచ్చారు. మొదటి గదిలో ఉన్నవాళ్లు చూస్తుండగానే రెండో గదిలోకి నడిచారు. మీ పరిశోధకుడు 2011 తర్వాత కూడా పాత గదుల్నే వాడుతున్నాడా, గోడలు జరిపాడా అన్నది చూడాల్సిన విషయం.

ఆరో పని: పరిశోధకుడి మార్పును పట్టుకోవడం

ఇప్పటికి కాలరేఖ, మాటల పట్టీ, పత్రాల నోట్సు మీ దగ్గరున్నాయి. ఆయన తన పాత పత్రాలను తానే ఉటంకించిన చోట్లన్నీ వెతకండి. 2005లో "కొంతమంది సభ్యుల్లో కనిపించింది" అని రాసినది 2012లో "నేను ముందే చూపినట్టు" అయిపోయిందా? అలా అయితే మధ్యలో కొత్త ఆధారం ఏదైనా వచ్చిందా, కేవలం కాలం గడిచి గట్టిపడిందా? ఇందుకు భిన్నంగా, "అప్పట్లో నేను దీనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాను" అని ఒప్పుకున్న వాక్యం కనిపిస్తే దాని కింద గీత గీయండి. పరిశోధకుడి ఎత్తు అలాంటి వాక్యాల్లోనే తెలుస్తుంది.

ట్యునీషియా గురించి రాసినవాళ్లందరికీ 2016 మే ఒక పరీక్ష. మత ప్రబోధాన్నీ పార్టీ రాజకీయాన్నీ వేరు చేస్తున్నామని అన్నహ్దా ఆ నెలలో తన పదో మహాసభలో ప్రకటించింది. నాయకుడు రాషిద్ ఘన్నూషీ తమను ముస్లిం డెమొక్రాట్లుగా చెప్పుకున్నాడు. అంతకుముందు రాసిన పత్రాల్లో దీని ఛాయలు ఉన్నాయా? 2021 జులై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశాక, 2023 ఏప్రిల్‌లో ఘన్నూషీ అరెస్టయ్యాక, 2016 నాటి ఆ నిర్ణయాన్ని పరిశోధకుడు ఎలా తిరిగి చదివాడు? ఒకే ఘటనకు మూడు సమయాల్లో మూడు వివరణలు ఇచ్చి ఉంటే మూడూ పక్కపక్కన రాయండి. ఏది సరైనదో వెంటనే తేల్చాల్సిన అవసరం లేదు.

ఏడో పని: ఎదుటి గొంతులు వినడం

ఆయన పుస్తకాలపై వచ్చిన సమీక్షలు చదవండి. ముఖ్యంగా వేరే శాస్త్రం వాళ్లు రాసినవి. రాజనీతి శాస్త్రవేత్త పార్టీలనూ ఎన్నికలనూ చూస్తాడు. మానవశాస్త్రవేత్త అదే ఉద్యమంలో నమాజు తర్వాత జరిగే పాఠాలనూ ఇళ్లలోని మాటలనూ చూస్తాడు. చరిత్రకారుడు ఇద్దరినీ ఆపి, ఇది 1930లలోనే మొదలైంది కదా అంటాడు.

ఒకే స్థాపకుడి రచనలు వేర్వేరు రాజ్యాల్లో ఏమయ్యాయో చూడటం కూడా బాగా పనికొస్తుంది. దేశ విభజనతో జమాత్ చీలింది. పాకిస్తాన్‌లో అది ఎన్నికల పార్టీగా నడిచింది. భారతదేశంలో 1948లో వేరుగా ఏర్పడిన జమాతె ఇస్లామీ హింద్, ముస్లింలు అల్పసంఖ్యాకులుగా ఉన్న లౌకిక ప్రజాస్వామ్యంలో బతకాల్సి వచ్చింది. చేతిలో మౌదూదీ పుస్తకాలు అవే. ఇర్ఫాన్ అహ్మద్ 2009లో ప్రచురించిన క్షేత్ర అధ్యయనం చూపించేది దీన్నే: ఒకప్పుడు లౌకిక రాజ్యంలో ఓటు వేయడాన్నే కాదన్న సంస్థ, క్రమంగా లౌకిక ప్రజాస్వామ్యాన్ని కాపాడుకోవాలనే దాకా ఎలా వచ్చిందో. కైరో మీదే పనిచేసిన పరిశోధకుడి పత్రాలను ఇలాంటి పని పక్కన పెట్టి చదివితే, ఆయన ఇస్లాం గురించి చెప్పిన కొన్ని మాటలు నిజానికి ఈజిప్టు రాజ్యం గురించినవని తెలుస్తుంది.

మూల పత్రాలను అనువాదంలోనైనా సొంతంగా చదవండి. హమాస్ 1988 ప్రణాళిక, 2017 మేలో విడుదల చేసిన పత్రం రెండూ దొరుకుతాయి. రెండో దాని గురించి పరిశోధకుల వ్యాఖ్యానాలు చదివేముందే రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని, ఏవి పోయాయి, ఏవి మిగిలాయి, ఏవి కొత్తగా చేరాయో మీ చేత్తో రాసుకోండి. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది.

చివరి పని: రాసుకోవడం

ప్రతి పత్రానికి ఒకే ఒక్క పేజీ. పైన రెండు తేదీలు. కింద వాదన, మీ సొంత తెలుగులో, మూడు వాక్యాలు మించకుండా. తర్వాత ఆధారం ఏమిటి, ఎవరెవరు, ఎందరు. ఆ తర్వాత వాదన పరిధి, అంటే ఏ దేశం, ఏ నగరం, ఏ సంవత్సరాలు. అట్టడుగున, ఈ పత్రం తర్వాత ఏం జరిగిందో ఒక వాక్యం, ఆ సంగతి రాసేనాటికి రచయితకు తెలియదు అని గుర్తుగా వేరే రంగు సిరాతో. తెలుగులో మూడు వాక్యాలు రాయలేకపోయారంటే వాదన ఇంకా పట్టుబడలేదని అర్థం. మళ్లీ పద్ధతి భాగానికి వెళ్లండి.